కంటి ముందు తేలే నలుసులకు లేజర్: ఎవరికి మేలు, ఎవరికి ముప్పు

మీ వయసు 58 ఏళ్ళనీ, మైనస్ నాలుగు పవర్ అద్దాలు వాడుతున్నారనీ, నాలుగు నెలల క్రితం కుడి కంటిలో ఉన్నట్టుండి పక్కవాటుగా మెరుపులు కనిపించాయనీ, ఆ మర్నాటి నుంచి వలయంలాంటి నీడ ఒకటి చదివేటప్పుడూ వాహనం నడిపేటప్పుడూ చూపుకు అడ్డం వచ్చి పోతోందనీ రాశారు. ఒక వైద్యుడు రెండు మూడు విడతల లేజర్‌తో దాన్ని పోగొట్టవచ్చని చెప్పారు. మరొకరు దాని జోలికి పోవద్దు, అలవాటు పడండి అన్నారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న. వారిద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అయితే మీ కంటిలోని నలుసు ఏ రకానిది, అది కంటిలోని లెన్స్‌కూ, కంటి వెనక వెలుగును గ్రహించే పొర అయిన రెటీనాకూ ఎంత దూరంలో ఉంది అన్న రెండు సంగతులు తేలకుండా లేజర్ చేయించుకోమని గాని, వద్దని గాని చెప్పడానికి ఆధారం లేదు. మీరు రాసినదాంట్లో ఆ రెండూ లేవు కాబట్టి, వాటిని తేల్చుకోవడం ఎలాగో, తేలిన తర్వాత ఎలా ఆలోచించాలో వివరంగా రాస్తున్నాను.

కంటిలో లెన్స్‌కూ రెటీనాకూ మధ్యనున్న గదిని విట్రియస్ అనే పారదర్శకమైన జెల్ నింపి ఉంటుంది. దాని పరిమాణం సుమారు 4 మిల్లీలీటర్లు. అందులో 98 శాతానికి పైగా నీరే. మిగిలిన కొద్దిపాటి భాగంలో కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో అయిన సన్నని పోగులు, వాటిని ఎడంగా పట్టి ఉంచే హయలురోనిక్ ఆమ్లం ముఖ్యమైనవి. పోగులు సమంగా పరుచుకుని ఉన్నంతకాలం వెలుగుకు ఏ అడ్డూ ఉండదు. వయసు పెరిగే కొద్దీ జెల్ అక్కడక్కడా కరిగి నీరవుతుంది, పోగులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడతాయి, ఆ ముద్దల నీడ రెటీనా మీద పడుతుంది. మనం నలుసు అని చూసేది ఆ నీడనే. అందువల్లనే కన్ను ఎంత కడిగినా అది పోదు, చూపు ఎటు తిప్పితే అటు వస్తుంది, కన్ను ఆగిన తర్వాత కూడా క్షణకాలం కదులుతూనే ఉంటుంది. కంటిపాప చిన్నదయ్యే మంచి వెలుతురులోనూ, ఆకాశమో తెల్ల కాగితమో ఎదురుగా ఉన్నప్పుడూ నీడ చిక్కబడుతుంది. రెటీనాకు దగ్గరగా ఉన్న ముద్ద నీడ చిన్నదైనా గీత గీసినట్టు స్పష్టంగా కనిపిస్తుంది. దూరంగా ఉన్నదాని నీడ మసకగా, పెద్దగా ఉంటుంది.

మీకు జరిగినది ఇంతకంటే ఒక మెట్టు పైది అనిపిస్తోంది. జెల్ కరిగి కుంచించుకుపోయినప్పుడు దాని వెనక పొర రెటీనా నుంచి విడిపోతుంది. దీన్ని పోస్టీరియర్ విట్రియస్ డిటాచ్‌మెంట్ అంటారు. సాధారణంగా 50 ఏళ్ళు దాటిన తర్వాత వస్తుంది. మైనస్ పవర్ ఉన్నవారికీ, శుక్లాల ఆపరేషన్ అయినవారికీ ముందుగానే రావచ్చు. విడిపోయేటప్పుడు జెల్ రెటీనాను లాగుతుంది, ఆ లాగుడును మెదడు మెరుపుగా గ్రహిస్తుంది. కంటినరం మొదలయ్యే చోట జెల్ గుండ్రంగా గట్టిగా అంటుకుని ఉంటుంది కనుక, అక్కడి నుంచి ఊడి వచ్చిన కణజాలం వలయంగానో, అరవిరిగిన వలయంగానో తేలుతుంది. దాన్ని వైస్ రింగ్ అంటారు. మీరు వర్ణించిన నీడ అదే కావచ్చు.

లేజర్ సంగతికి రాకముందు తేలవలసిన విషయం ఒకటి ఉంది, ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. జెల్ విడిపోతూ రెటీనాను లాగినప్పుడు కొందరికి రెటీనా చిరుగుతుంది. హఠాత్తుగా నలుసులో, మెరుపులో మొదలై పరీక్షకు వచ్చినవారిలో సుమారు 14 శాతం మందికి రెటీనా చిరుగు ఉన్నట్టు 2009లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష చెబుతోంది. అంటే ఏడుగురిలో ఒకరికి. మొదటి పరీక్షలో చిరుగు లేదని తేలినవారిలో కూడా కొద్దిమందికి తర్వాతి వారాల్లో పడుతుంది. ఆ చిరుగులోంచి ద్రవం వెనక్కి చేరితే రెటీనా ఊడుతుంది. అప్పుడు సమస్య నలుసుది కాదు, చూపుది. మీరు మొదట్లో ఒకసారి పరీక్ష చేయించుకున్నానని రాశారు, మంచిదే. ఆ పరీక్ష కంటిపాపను మందుతో పెద్దది చేసి, కంటి అంచుల్ని బయటి నుంచి మెల్లగా నొక్కుతూ రెటీనా చివరి వరకూ చూసినదేనా, కొన్ని వారాల తర్వాత మళ్ళీ చూశారా అన్నది కనుక్కోండి. మీ మైనస్ పవర్ వల్ల ఈ పరీక్ష మరింత ముఖ్యం. విట్రియస్‌లో గోధుమరంగు పొడిలాంటి కణాలు కనిపించినా, రక్తం జాడలున్నా వైద్యులు చిరుగు కోసం పట్టుబట్టి వెతుకుతారు.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు పడతారు. రెటీనా చిరుగు చుట్టూ వేసే లేజర్ వేరు, నలుసు మీద వేసే లేజర్ వేరు. మొదటిది చిరుగు అంచుల్ని వేడితో అతికించి రెటీనా ఊడకుండా కాపాడుతుంది. దాని అవసరం గురించి నేత్రవైద్యుల్లో భిన్నాభిప్రాయం లేదు, ఆలస్యమూ చేయరు. అది నలుసును తగ్గించదు. "పోయినసారి లేజర్ చేయించుకున్నాను, అయినా నలుసు పోలేదు" అని బాధపడేవారిలో చాలామంది చేయించుకున్నది ఈ మొదటి రకమే. అద్దాలు మాన్పించడానికి కంటి ముందున్న పారదర్శక పొర కార్నియా మీద చేసే లేజర్‌కు ఈ రెండింటితోనూ సంబంధం లేదు.

నలుసు మీద వాడేది ఎన్‌డీ యాగ్ లేజర్. దాని తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు, కంటికి కనిపించని పరారుణ కాంతి. శుక్లాల ఆపరేషన్ తర్వాత కృత్రిమ లెన్స్ వెనక పొర మసకబారితే దాన్ని తెరవడానికి 1980ల నుంచి నేత్రవైద్యులు వాడుతున్నది ఈ లేజర్‌నే. కొన్ని నానోసెకన్ల పాటు మాత్రమే ఉండే కాంతి తునకను, అంటే పల్స్‌ను, సూది మొనంత చోట కేంద్రీకరిస్తే అక్కడ వేల డిగ్రీల వేడి పుట్టి, పదార్థం ప్లాస్మాగా, అంటే విద్యుదావేశం గల వాయువుగా మారి, చిన్న పేలుడు జరుగుతుంది. ఆ చోటనున్న కొల్లాజెన్ కొంత వాయువుగా మారిపోతుంది, కొంత ముక్కలవుతుంది. లేజర్ నలుసును పూర్తిగా ఆవిరి చేస్తుందని ప్రచారంలో వినిపిస్తుంది గాని, ఆచరణలో జరిగేది ఈ రెండింటి కలయిక: కొంత మాయమవుతుంది, కొంత చిన్న ముక్కలై చూపు మధ్య నుంచి పక్కకు తప్పుకుంటుంది. ముక్కలు మధ్యలోనే మిగిలిపోతే, ఒక పెద్ద నీడకు బదులు చాలా చిన్న నీడలు మిగులుతాయి.

శక్తిలో తేడా కూడా గమనించండి. లెన్స్ వెనక పొరను తెరవడానికి ఒక్కో పల్స్‌కు ఒకటి రెండు మిల్లీజూల్స్, మొత్తం కొన్ని పదుల పల్సులు సరిపోతాయి. నలుసుకైతే ఒక్కో పల్స్‌కు అంతకు ఎన్నో రెట్లు శక్తి పెట్టవలసి రావచ్చు. ఒక్క విడతలోనే కొన్ని వందల పల్సులు పడతాయి. అందుకే "ఇది శుక్లాల తర్వాత చేసే మామూలు లేజరే" అన్న మాటతో మీకు ధైర్యం చెబితే, ఆ మాట సగమే సరైనదని గుర్తుంచుకోండి. యంత్రం కూడా తేడా తెస్తుంది. పాత యంత్రాల్లో వెలుగు ఒక పక్క నుంచి, లేజర్ మరో దారిలో వెళ్ళడం వల్ల విట్రియస్ వెనక భాగంలోని నలుసును లోతు తెలిసేలా చూడటం కష్టం. వైద్యుడి చూపు, వెలుగు, లేజర్ మూడూ ఒకే గీత మీద వెళ్ళేలా చేసిన యంత్రాలు వచ్చాకనే ఈ చికిత్స ఎక్కువమంది చేపట్టారు. పొర తెరవడానికి మాత్రమే పనికొచ్చే యంత్రంతో ఈ పని చేయించుకోవద్దని నా గట్టి సలహా.

ఇక ఎవరికి పనికొస్తుంది? జెల్ పూర్తిగా విడిపోయి, వైస్ రింగ్ లాంటి ఒంటరి, చిక్కని, అంచులు తెలిసే ముద్ద కంటి మధ్య భాగంలో తేలుతూ ఉన్నవారికి. అది రెటీనాకు కనీసం 3 మిల్లీమీటర్లు, లెన్స్ వెనక తలానికి కనీసం 5 మిల్లీమీటర్లు దూరంలో ఉండాలని ఒక ముఖ్యమైన పరిశోధనలో నియమంగా పెట్టుకున్నారు. నా దృష్టిలో అది పాటించదగిన హద్దు. సొంత లెన్స్ ఉన్నవారికి ఈ హద్దు మరీ ముఖ్యం, ఎందుకంటే గురి కాస్త ముందుకు జరిగితే లెన్స్ పొర చిల్లుపడి శుక్లం త్వరగా వస్తుంది. గురి వెనక్కి జరిగితే దెబ్బ రెటీనాకు. కన్ను ఒక్క క్షణం తిరిగినా, ముద్ద ఊగినా గురి మారుతుందని మరచిపోకూడదు.

ఎవరికి పనికిరాదంటే, మొదట చెప్పవలసినవారు చిన్న వయసువారు. ఇరవై, ముప్పై ఏళ్ళవారు దారప్పోగులు, గాజు పూసలు లాంటి సన్నని పారదర్శకమైన నలుసులతో వస్తారు. వారి జెల్ ఇంకా విడిపోలేదు, నలుసు రెటీనాకు అతి దగ్గరలో ఉంటుంది, చాలాసార్లు వైద్యుడికి సూక్ష్మదర్శినిలో కూడా కనిపించదు. కనిపించనిదాన్ని కాల్చలేం, రెటీనాను అంటుకుని ఉన్నదాన్ని కాల్చకూడదు. నలుసు వల్ల తీవ్రంగా కుంగిపోయేవారిలో ఈ వయసువారే ఎక్కువగా కనిపిస్తారు, వారికే లేజర్ అతి తక్కువగా ఉపయోగపడుతుంది. ఈ మాట వారికి చెప్పడం నాకెప్పుడూ కష్టంగానే ఉంటుంది. మబ్బులా పరుచుకున్న పలుచని మసక, విట్రియస్ నిండా తెల్లని చుక్కలు పేరుకునే ఆస్టరాయిడ్ హయలోసిస్, మధుమేహం వల్ల కంటిలో కారిన రక్తం, కంటి లోపలి వాపు వల్ల వచ్చే నలుసులు ఈ చికిత్సకు లొంగవు. చివరి రెంటికీ మూలకారణానికి వైద్యం చేయాలి. నీటికాసులు (గ్లాకోమా) ఉన్నవారు, కంటి ఒత్తిడి ఎక్కువగా ఉన్నవారు మరింత ఆలోచించాలి, ఎందుకంటే ఈ లేజర్ తర్వాత ఒత్తిడి పెరిగి కొందరిలో తగ్గకుండా నిలిచిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఫలితాల విషయంలో ఆధారాలు ఉన్నంతవరకే నమ్మాలి. 1993లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆఫ్తల్మాలజీలో వచ్చిన వ్యాసంలో 15 మందికి ఈ లేజర్ చేసి అందరికీ మేలు జరిగిందని రాశారు. 2002లో ఐ అనే పత్రికలో వచ్చిన మరో పరిశీలనలో లేజర్ చేసిన కళ్ళలో సుమారు 38 శాతానికే, అదీ ఒక మోస్తరు మెరుగుదల కనిపించింది. కొద్దిమందికి ఇబ్బంది పెరిగింది. ఈ తేడాకు ముఖ్యకారణం ఎవరిని ఎంచుకున్నారన్నదే అని నా అభిప్రాయం. అన్నింటికంటే పద్ధతిగా జరిగినది 2017లో జామా ఆఫ్తల్మాలజీలో షా, హైయర్ అనే పరిశోధకులు ప్రచురించినది. వైస్ రింగ్ ఉన్న 52 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, 36 మందికి నిజమైన లేజర్, 16 మందికి లేజర్ చేసినట్టు నటించే చికిత్స ఇచ్చారు. ఆరు నెలల తర్వాత నిజమైన లేజర్ పొందినవారిలో 53 శాతం మంది బాగా తగ్గిందనో పూర్తిగా పోయిందనో చెప్పారు. నటించే చికిత్స పొందిన గుంపులో అలా చెప్పినవారు ఒక్కరూ లేరు. ఇది చిన్న విషయం కాదు. కానీ అన్ని విధాలా తగినవారినే ఏరి తీసుకున్నప్పటికీ మిగిలిన సగం మందికి చెప్పుకోదగ్గ మేలు జరగలేదన్నది కూడా అదే లెక్కలో ఉంది. పైగా మనుషుల సంఖ్య తక్కువ, గడువు ఆరు నెలలే. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ అదే ఏడాది ప్రచురించిన సమీక్ష, లేజర్‌నూ ఆపరేషన్‌నూ చీటీ పద్ధతిలో పోల్చిన పరిశోధన ఒక్కటీ దొరకలేదని తేల్చింది. మీకు ఎవరైనా తొంభై శాతం ఖాయం అంటే, ఏ రకం నలుసు ఉన్నవారిలో, ఎంతకాలం చూసి ఆ లెక్క వేశారో అడగండి.

ప్రమాదాలు అరుదుగానే నమోదయ్యాయి గాని, నమోదైనవి తేలికైనవి కావు. అమెరికాలోని రెటీనా నిపుణుల సంఘం తమ సభ్యుల నుంచి సేకరించిన నివేదికల్లో శుక్లం, లెన్స్ వెనక పొరకు చిల్లు, తగ్గని కంటి ఒత్తిడి, రెటీనా చిరుగు, రెటీనా ఊడటం, రెటీనాలో రక్తస్రావం, చూపులో శాశ్వతంగా మిగిలిన చీకటి మచ్చ, నలుసులు మరింత పెరగడం ఉన్నాయి. ఎంతమందికి చేస్తే ఇవి ఎంతమందికి వస్తాయో ఆ నివేదికల నుంచి లెక్కకట్టలేం, ఎందుకంటే మొత్తం ఎన్ని చికిత్సలు జరిగాయో వాటిలో లేదు.

మరి నాలుగు నెలలే అయిన మీరు ఏం చేయాలి? మీ స్థానంలో నేనుంటే ఇప్పుడే లేజర్ చేయించుకోను. జెల్ విడిపోయిన తర్వాత తొలి నెలల్లో రెండు మార్పులు వాటంతటవే జరుగుతాయి. విడిపోయిన జెల్ ఇంకాస్త ముందుకు జరిగి, వలయం రెటీనాకు దూరమై నీడ పలుచబడుతుంది; మెదడు కూడా ఆ నీడను పట్టించుకోవడం తగ్గిస్తుంది. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఇబ్బంది చెప్పుకోదగినంత తగ్గుతుంది. ఈ వ్యవధి మరో విధంగానూ ఉపయోగం: రెటీనా చిరుగు పడే అవకాశం ఎక్కువగా ఉండే కాలం గడిచిపోతుంది. లేజర్ చేసిన వెంటనే కొత్త చిరుగు కనిపిస్తే అది లేజర్ వల్లనా, జెల్ లాగుడు వల్లనా అన్న సందేహం కూడా ఉండదు.

అలవాటు పడండి అని చెప్పి పంపేయడాన్ని మాత్రం నేను సమర్థించను. చూపు పట్టికలో చివరి వరుస చదివినంత మాత్రాన ఇబ్బంది లేదని కాదు. నలుసులు ఉన్న కంటిలో కాంట్రాస్ట్, అంటే వెలుగునీడల మధ్య సన్నని తేడాను పోల్చుకునే శక్తి, తగ్గుతుందని కొలిచి చూపించారు. సింగపూర్‌లో 2011లో చేసిన అధ్యయనంలో నలుసులు పోతాయంటే మిగిలిన ఆయుష్షులో ప్రతి పదేళ్ళకూ ఒక ఏడాదికి పైగా వదులుకోవడానికి సిద్ధమేనని రోగులు చెప్పారు. మీరు రాత్రి వాహనం నడపడం మానేశానని రాశారు. దాన్ని సున్నితత్వం అని కొట్టిపారేయకుండా, కాంట్రాస్ట్ పరీక్ష చేసి రాసిపెట్టే వైద్యుడిని వెతకండి.

ఆరు నెలలు గడిచాక కూడా నీడ అలాగే బాధిస్తుంటే, రెటీనా చూసే నిపుణుడి దగ్గర మళ్ళీ పరీక్ష చేయించుకోండి. జెల్ పూర్తిగా విడిపోయిందా, నలుసు వైస్ రింగేనా, లెన్స్‌కూ రెటీనాకూ ఎంత దూరంలో ఉంది అని సూటిగా అడగండి. ఓసీటీ (కాంతితో కంటి లోపలి పొరల్ని చిత్రించే స్కాన్), అల్ట్రాసౌండ్ స్కాన్ ఇందుకు తోడ్పడతాయి. వైద్యుడు మీ వర్ణనకు సరిపోయే ముద్దను తాను స్వయంగా చూశానని చెప్పగలగాలి. లేజర్ చేసే వైద్యుడు ఈ పని ఎంతకాలంగా చేస్తున్నారు, చిరుగు పడితే వెంటనే చూసే ఏర్పాటు అక్కడే ఉందా అన్నవి కూడా తెలుసుకోండి. ఇవన్నీ కుదిరితే లేజర్ ప్రయత్నించడం సమంజసమే. మీ వర్ణనను బట్టి కుదిరే అవకాశం ఉందనే అనుకుంటున్నాను. మొదటి విడతలో ఏ మార్పూ రాకపోతే శక్తి పెంచుతూ నాలుగోసారి, ఐదోసారి చేయించుకుంటూ పోవద్దు.

లేజర్ రోజున కంటిపాపను పెద్దది చేస్తారు, మత్తు చుక్కలు వేసి కంటి మీద ఒక లెన్స్ ఆనిస్తారు. సాధారణంగా నొప్పి ఉండదు, టిక్కుటిక్కుమన్న శబ్దం వినిపిస్తుంది. లోపల పుట్టిన చిన్న బుడగలు పైకి తేలతాయి గాని, రెటీనా మీది బొమ్మను మెదడు తలకిందులుగా చదువుతుంది కనుక మీకు అవి చూపు కింది భాగంలో నల్లని చుక్కల్లా కనిపిస్తాయి, త్వరగానే పోతాయి. ముగిశాక కంటి ఒత్తిడి కొలవకుండా ఇంటికి బయలుదేరవద్దు, కొద్ది రోజుల్లో రెటీనా పరీక్ష మళ్ళీ జరగాలి.

విట్రెక్టమీ గురించి కూడా అడిగారు. కంటి తెల్లభాగంలో సన్నని రంధ్రాలు చేసి జెల్‌ను నలుసులతో సహా తీసేసే ఆపరేషన్ అది. నలుసును తొలగించడంలో అది లేజర్ కంటే ఎంతో నమ్మదగినది. పైన చెప్పిన 2002 నాటి పరిశీలనలో ఆపరేషన్ చేసిన 15 కళ్ళలో 14 పూర్తిగా బాగుపడ్డాయి. కానీ మీ వయసులో, సొంత లెన్స్ ఉంటే, ఆ తర్వాత కొన్నేళ్ళలో శుక్లం రావడం దాదాపు ఖాయం. రెటీనా చిరుగు, రెటీనా ఊడటం, అరుదుగా కంటి లోపల ఇన్ఫెక్షన్ వచ్చే ముప్పు ఉన్నాయి. మైనస్ పవర్ రెటీనా ముప్పును పెంచుతుంది. లేజర్‌కు లొంగని నలుసుతో రోజువారీ పని నిజంగా ఆగిపోయినవారికి దీన్ని చివరి మార్గంగా ఉంచుతాను. చుక్కల మందులు, మాత్రలు, కంటి వ్యాయామాలు ముద్దకట్టిన కొల్లాజెన్‌ను కరిగిస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు, వాటి మీద డబ్బు పెట్టవద్దు.

లేజర్ చేయించుకున్నా, మానుకున్నా ఒక జాగ్రత్త మీతో ఉండాలి. ఒక్కసారిగా కొత్త నలుసులు జల్లులా వచ్చినా, మెరుపులు మళ్ళీ మొదలైనా, చూపులో ఒక పక్క నుంచి నల్లని తెర దిగుతున్నట్టు అనిపించినా మర్నాటికి వాయిదా వేయకుండా అదే రోజు రెటీనా పరీక్షకు వెళ్ళండి. ఒక కంటిలో జెల్ విడిపోయినవారిలో చాలామందికి ఒకటి నుంచి మూడేళ్ళలో రెండో కంటిలోనూ విడిపోతుంది, అప్పుడు చిరుగు ముప్పు ఆ కంటికి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. అందుకని వారానికి ఒకసారైనా కుడి కన్ను మూసి ఎడమ కంటితో ఒక తెల్లని గోడను చూడటం అలవాటు చేసుకోండి.